ఉపన్యాసం అంటే నవల అయిన ఊళ్ళో

ఒడియాలో ఉపన్యాసం అంటే నవల. ప్రబంధం అంటే వ్యాసం. శిక్ష అంటే చదువు, రాగం అంటే కోపం, చేష్ట అంటే ప్రయత్నం, అభిమానం అంటే అయినవాళ్ళ మీద అలగడం. అవసరం అంటే తీరిక; ఉద్యోగ విరమణకు కూడా అదే మాట. పలికే తీరు కొంచెం మారుతుంది కానీ మూలం అదే సంస్కృతం. పగలంతా ఈ మాటలను ఈ అర్థాలతో వాడి, రాత్రి ఇంటికి వచ్చి అవే మాటలను తెలుగు అర్థాలతో వాడుతూ కథో కవితో రాసుకునేవారు బరంపురంలో, పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో ఉన్నారు. వాళ్ళలో బడిపంతుళ్ళు, రైల్వే ఉద్యోగులు, దుకాణదారులు, గుమాస్తాలు, ఇల్లు నడిపే ఆడవాళ్ళు, పింఛను మీద బతికే పెద్దవాళ్ళు కనిపిస్తారు. రచనే జీవనాధారమైన వాళ్ళు దాదాపు కనిపించరు.

రచయితల అలవాట్ల గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ వేళలో రాస్తారు, రోజుకు ఎన్ని పేజీలు రాస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న రచయితకు ఆ ప్రశ్నలు సరిపోతాయి. అక్కడ భాష గాలిలాంటిది, ఎవరూ దాని కోసం ప్రత్యేకంగా లేవనక్కర్లేదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు రచయితకు అంతకన్నా ముందొక పని ఉంటుంది. రాయడానికి కూర్చునే వేళకు చేతిలో తెలుగు మిగిలి ఉండేలా రోజంతా చూసుకోవాలి. అతని దినచర్యలో కనిపించే అలవాట్లలో సగానికి పైగా ఈ పనికి సంబంధించినవే.

దీని చరిత్ర పొట్టిగానే చెప్పుకోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో ఎక్కువ భాగం, విశాఖపట్నం ఏజెన్సీలోని జయపురం సంస్థాన ప్రాంతం అందులో కలిశాయి. కోరాపుట్ జిల్లా అలా పుట్టింది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ విడి జిల్లాలయ్యాయి. పటం మీద గీతలు జరిగాయి, ఇళ్ళు జరగలేదు. బరంపురంలో పట్టుచీరలు నేసే దేవాంగుల వీధులు అక్కడే ఉన్నాయి. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో అమ్మవారి పుట్టిల్లు నేటికీ ఆ నేతవారి పేటలోనే. ఆంధ్రా వైపు మొదటి పట్నమైన ఇచ్ఛాపురం బరంపురానికి ముప్పై కిలోమీటర్ల లోపే. కానీ బడిలో పాఠం, ఆఫీసులో కాగితం, దుకాణం మీది బోర్డు, పొద్దున్నే గుమ్మంలో పడే పత్రిక ఒడియాలో ఉన్నప్పుడు ఆ ముప్పై కిలోమీటర్లు రచయితకు చాలా పొడుగ్గా తోస్తాయి.

ముందు ఉద్యోగం సంగతి. రాసేవాళ్ళు తరచూ ఉద్యోగాన్ని శత్రువులా చూస్తారు, అది మింగేసిన గంటలను లెక్కపెడతారు. ఉత్తరాంధ్ర సాహిత్యం ఈ లెక్కను ఒప్పుకోదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి వకీలు. కోర్టు వరండాలో నిలబడిన మనుషులే ఆయన కథల్లోకి నడిచి వచ్చారు. కాళీపట్నం రామారావు లెక్కల మాస్టారు. ఆయన వాక్యంలోని పొదుపు, ఒక అడుగు తర్వాతే రెండో అడుగు వేసే తీరు లెక్క చేసిన చేతివి. కొండకు అవతలి వైపు ఒడియాలో చూస్తే గోపీనాథ్ మహంతి. 1938లో పాలనా సర్వీసులో చేరి కోరాపుట్ కొండల్లో ఉద్యోగం చేసిన మనిషి. ఆదివాసుల బతుకు మీద 'పరజా', 'అమృతర సంతాన' లాంటి నవలలు ఆ ఉద్యోగపు తిరుగుడులోంచే వచ్చాయి. రెండోదానికి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. గుర్రం మీదో కాలినడకనో ఊళ్ళు తిరిగి అర్జీలు విన్న అధికారి చెవికి పడిన మాటలు, గదిలో కూర్చుని ఊహించుకునే రచయితకు ఎన్నటికీ దొరకవు.

కాబట్టి సరిహద్దు రచయితకు ఉద్యోగం కాలాన్ని తినేస్తుందన్నది నిజమే కానీ, అది కథను కూడా తెచ్చి పెడుతుంది. రాయగడలో కాగితం మిల్లు గేటు దగ్గర టీ దుకాణం నడిపే మనిషి ఒక గంటలో వినే భాషలు లెక్కపెడితే తెలుగు, ఒడియా, హిందీ, కొండల్లోని కోందులు మాట్లాడే కువి, కొన్నిసార్లు బెంగాలీ. అక్కడి గుమాస్తా కథ రాస్తే పాత్రలు ఏ భాషలో మాట్లాడాలన్నది మొదటి వాక్యం నుంచే తేల్చుకోవలసిన ప్రశ్న. నగర రచయితకు ఆ ప్రశ్న ఎదురే కాదు.

ఇక వేళ. ఎక్కువమంది తెల్లవారుజామునే రాస్తారు. దీనికి ఆధ్యాత్మిక కారణాలు వెతకనక్కర్లేదు: ఆ వేళకు ఎవరూ ఏ భాషలోనూ పలకరించరు. నిద్ర లేచిన మనసులో ఉండేది ఇంటి భాష. ఒకసారి బజారుకు వెళ్ళొచ్చాక, ఫోనులో రెండు సంగతులు మాట్లాడాక అది కొంత పక్కకు జరుగుతుంది. సాయంత్రం రాసేవాళ్ళు ఈ తేడాను బాగా ఎరుగుదురు. ఆఫీసు నుంచి వచ్చి నేరుగా కాగితం ముందు కూర్చుంటే మొదటి పది వాక్యాలు ఒడియా నడకతో వస్తాయి. అందుకే ఆ పది వాక్యాలు పారేయడానికే రాస్తారు కొందరు. ఇంకొందరు ముందుగా ఒక పాత తెలుగు పుస్తకంలో రెండు పేజీలు పైకి చదివి ఆ తర్వాత కలం పడతారు. పాటగాడు శ్రుతి చూసుకున్నట్టే ఇది. చదివేది గొప్ప పుస్తకమే కానక్కర్లేదు, వాక్యం తెలుగులో నడవాలి, అంతే.

ఉపాధ్యాయులకు మరో చిక్కు ఉంది. ఒడిశాలో ఎండాకాలం రాగానే బడులు పొద్దుటి పూటకు మారతాయి. తెల్లవారుజామున రాసే అలవాటు ఏప్రిల్‌లో కూలిపోతుంది. మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి వడగాడ్పు, నిద్ర. మళ్ళీ జూన్ దాటి బడి వేళలు సర్దుకునేదాకా కాగితం మీద ఏమీ పడదు. ఏడాదికి రెండు నెలలు ఇలా పోయినా రాయడం మానని పంతుళ్ళను గమనిస్తే ఒకటి అర్థమవుతుంది: వాళ్ళు రాతను గడియారానికి కాకుండా ఒక పనికి కట్టేసుకున్నారు. పొద్దుట కాఫీ తర్వాత, లేదా మధ్యాహ్నం భోజనం పళ్ళెం ఎత్తాక, లేదా పిల్లలు బడికి బయలుదేరాక. వేళ మారినా ఆ పని మారదు, దాని వెంట రాత వస్తుంది. అలవాట్ల మీద లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది కూడా ఇదే. 96 మందిని గమనించి, ఒకే సందర్భంలో రోజూ చేసిన పని తనంతట తానుగా జరగడానికి సగటున 66 రోజులు పట్టిందని వాళ్ళు 2009లో చెప్పారు. ఒక్కొక్కరికీ 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదన్నది అందులో రచయితలు గుర్తుంచుకోదగ్గ మాట. ఒక రోజు తప్పగానే ఇక అంతా పోయిందని కలం పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది.

ఆడవాళ్ళ విషయంలో వేళ గురించిన చర్చ చాలాసార్లు అసలు విషయాన్ని దాటేస్తుంది. ఇంట్లో అందరి వేళలూ కుదిరాక మిగిలినదే వాళ్ళ వేళ. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళి చేసుకుని బరంపురమో పర్లాకిమిడో వచ్చిన ఆడపిల్లకు ఇంకో సంగతి కూడా ఉంది: తెలుగులో చదువుకున్న చివరి తరగతి పుట్టింట్లోనే మిగిలిపోయింది. ఆమె రాసే తెలుగులో పుట్టింటి మాటలు చెక్కుచెదరకుండా ఉంటాయి, ఎందుకంటే వాటికి తర్వాతి ఏళ్ళ తెలుగు తగల్లేదు. పుట్టింటి ఊరిలోనే వాడకం తప్పిన మాటలు సరిహద్దు దాటిన ఇంట్లో సజీవంగా దొరకడం భాష తెలిసినవారిని ఆశ్చర్యపరచదు. కథలు సేకరించేవాళ్ళు ఆ ఇళ్ళకు ఇంకా తగినంతగా వెళ్ళలేదన్నది మాత్రం బాధ కలిగించే నిజం.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. ఒక గింజను తీసుకుందాం. పుస్తకాల తెలుగులో అది రాగి. ఉత్తరాంధ్ర ఇళ్ళలో చోడి. చోడి అంబలి అంటేనే అక్కడి నోటికి రుచి. కోరాపుట్ కొండల్లో అదే గింజ మండియా. జయపురం సంతలో మండియా కొనుక్కుని ఇంటికి తెచ్చి చోడి అంబలి కాచే తల్లి గురించి కథ రాసేటప్పుడు రచయిత ఏ మాట వాడాలి? సంభాషణలో మండియా, కథనంలో చోడి అని ఒకరు తేలుస్తారు. హైదరాబాదు పాఠకుడికి తెలియాలని రాగి అని రాసేస్తారు మరొకరు. మూడో రకం రచయిత ఆ మూడు మాటలనూ ఒకే పేజీలో తిరగనిస్తాడు: సంతలో ఒకటి, వంటింట్లో ఒకటి, పట్నం నుంచి వచ్చిన అల్లుడి నోట ఒకటి. కథలో ఎవరెక్కడివాళ్ళో ఏ వివరణా లేకుండా తెలిసిపోతుంది. ఈ మూడో పద్ధతే గట్టిది.

పఖాళ సంగతీ ఇంతే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న తినడం రెండు వైపులా ఉంది. తెలుగింట్లో చద్దన్నం అంటే కొంత పేదరికపు నీడ ఆ మాట మీద పడుతుంది. ఒడియా ఇంట్లో పఖాళ అంటే పండగంత ఇష్టం. మార్చి 20న దానికి ఒక రోజే కేటాయించుకున్నారు. ఒకే గిన్నెలో ఉన్న అన్నాన్ని ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతో ఒక గౌరవమో ఒక లోటో వచ్చి చేరుతుంది. సరిహద్దులో పెరిగిన పిల్లవాడు ఈ తేడాను మాటల్లో చెప్పలేకపోయినా నాలుకతో ఎరుగును. పెద్దవాడై రచయిత అయితే అతని దగ్గరున్న పెట్టుబడి ఇదే.

బంధుత్వాలలో ఇంకా మెలిక ఉంది. గంజాం ఒడియాలో నానా అంటే అన్న, నాని అంటే అక్క. తెలుగు చెవికి మొదటిది నాన్న, రెండోది ముద్దుపేరు. వీధిలో ఆడుకునే పిల్లలు ఏ ఇంటి గుమ్మం తొక్కితే ఆ ఇంటి వరసలోకి క్షణంలో మారిపోతారు. రాసేటప్పుడు ఆ క్షణాన్ని పట్టుకోవడం కష్టం, పట్టుకుంటే అంతకన్నా బాగా ఆ ఊరిని చూపించేది మరొకటి లేదు.

అయితే ప్రతి కలయికా సంపద కాదు. మొదట్లో చెప్పిన జంట మాటలు రచయితకు తెలియకుండా వాక్యంలో జారిపోయేవి. "ఆయన అవసరం తీసుకున్నాడు" అని రాసి, ఉద్యోగ విరమణ చేశాడని తన మనసులో అనుకుంటాడు. పాఠకుడికి అది అర్థం కాదు. "ఎంతో చేష్ట చేసి చదివించింది" అన్న వాక్యం గౌరవంతో రాసినదే, తెలుగులో చదివితే తల్లిని వెక్కిరించినట్టుంటుంది. మండియా అన్నది ఎంచుకున్న మాట. ఈ చేష్ట జారిపడిన మాట. రెంటికీ తేడా చూడగలగడమే సరిహద్దు రచయిత నేర్వాల్సిన ముఖ్యమైన విద్య, అది రాసిన రోజు సాధ్యం కాదు. రాసిన కాగితాన్ని రెండు మూడు రోజులు పక్కన పెట్టి, పైకి చదివి, వీలైతే ఒడియా అసలు రాని తెలుగు బంధువుకు ఫోనులో వినిపించి, వాళ్ళు ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకోవడం ఇక్కడ బాగా పనిచేసే పద్ధతి. పలాసలోనో టెక్కలిలోనో ఉన్న ఒక మేనత్త ఏ సంపాదకుడూ చేయలేని మేలు చేస్తుంది.

మాటల పుస్తకం ఉంచుకోవడం ఇంకో అలవాటు. విన్న మాట, అన్న మనిషి వయసు, ఊరు, సందర్భం నాలుగు ముక్కల్లో రాసుకోవాలి. దీన్ని ఈ నేల మీద అందరికన్నా ముందు, అందరికన్నా శ్రద్ధగా చేసిన మనిషి గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరాడు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనిపించింది. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నాడు, కొండలెక్కి పల్లెల్లో తిరిగాడు. అడవుల్లో పట్టిన జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. మనుషుల నోటి మాటను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం కన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది. అయినా పని ఆగలేదు: సవర భాష మీద వ్యాకరణ గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మొదటి మాట రాసుకున్నప్పటికి ఆయన యువకుడు, నిఘంటువు అచ్చయ్యేనాటికి 75 ఏళ్ళవాడు.

ఈ మనిషే వ్యావహారిక తెలుగు కోసం పోరాడినవాడు కావడం యాదృచ్ఛికం అనిపించదు. అప్పటికి లిపి లేని సవరను నోటి నుంచి నేరుగా రాసుకున్న చెవికి, తెలుగు పుస్తకంలో మాత్రం ఎవరూ మాట్లాడని భాష ఉండాలన్న వాదం వింతగా తోచి ఉండాలి. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ రోజు సభల్లో తక్కువగా వినిపించే సంగతి ఒకటుంది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆ నిర్ణయం నచ్చక ఆయన యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. వెళ్ళలేని వాళ్ళు ఉండిపోయారు. వాళ్ళ పిల్లల, మనవల తెలుగే ఇప్పటి పర్లాకిమిడి తెలుగు.

వ్యావహారికం గెలిచింది, కానీ ఎవరి వ్యావహారికం అన్న ప్రశ్న సరిహద్దులో తీరలేదు. పత్రికల తెలుగు కొన్ని జిల్లాల మాట మీద కుదురుకుంది. బరంపురం తెలుగులో రాసిన కథ దూరపు సంపాదకుడి బల్ల మీదికి వెళ్తే కింద అర్థాలు ఇవ్వమని అడగడం మామూలే. రచయిత సంతోషంగా ఇస్తాడు, అచ్చవుతుందన్న ఆశతో. ఇది అతనికి నష్టమే. అడుగున అర్థాల పట్టిక పెట్టిన మరుక్షణం ఆ మాటలు పరాయివని తానే ఒప్పుకున్నట్టు. మాట చుట్టూ వాక్యాన్ని సరిగా కడితే పట్టిక అక్కర్లేదు: మండియా పిండి గిన్నెలో కలుపుతున్న చేయి కనిపించాక అది ఏ గింజో అడిగే పాఠకుడు ఉండడు.

పాఠకుల సంగతి కూడా ఈ అలవాట్లతో ముడిపడినదే. సరిహద్దు పట్నాల్లో తెలుగు సాహిత్య బృందాలు చాలాకాలంగా ఉన్నాయి. నెలకోసారి ఎవరింట్లోనో ఏ గుడి మండపంలోనో పది పన్నెండు మంది కూడి కొత్తగా రాసింది చదువుకోవడం వాటి ప్రధానమైన పని. బయటివారికి ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. రాసేవాడి వైపు నుంచి చూస్తే వచ్చే ఆదివారం చదవాలన్న మాట ఉన్నందుకే ఈ వారం కథ పూర్తవుతుంది. గడువు లేని రచయితకు గడువు, పాఠకుడు లేని రచయితకు పాఠకుడు ఒకేసారి దొరుకుతారు. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు స్విట్జర్లాండులో చదివి, మాస్కోలో ఏళ్ళ తరబడి అనువాదకుడిగా పనిచేసినవాడు. అంత దూరం తిరిగిన మనిషి తన పెద్ద నవలను రెండు డైరీల రూపంలో రాశాడు. రోజువారీ రాత నవల కాగలదనడానికి ఈ ఊరిలోనే ఉన్న ఉదాహరణ అది.

పత్రికలకు పంపడం గురించి చెప్పాల్సింది తక్కువే. దీపావళి కథల పోటీల వేళకు అందరూ చురుగ్గా ఉంటారు. అక్టోబరులోనే తుపాన్లూ వస్తాయి: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి కొండలను ముంచేసింది. కాగితం మీద రాసేవాళ్ళు పేజీ పూర్తికాగానే ఫోనుతో బొమ్మ తీసి దాచుకోవడం అలవాటు చేసుకోవాలి. 2020లో కరోనా వేళ కొన్ని తెలుగు పత్రికలు అచ్చు ఆపేయడంతో పంపే చోట్లు తగ్గాయి. అచ్చయిన కథలు పోకుండా ఉండే చోటు మాత్రం దగ్గరలోనే ఉంది. కాళీపట్నం రామారావు తనకు వచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను ఎక్కడివైనా సేకరించి భద్రపరుస్తుంది.

కంప్యూటర్ మీద రాసేవాళ్ళకు అనుకోని మేలు ఒకటి జరిగింది. చాలా భారతీయ భాషలకు ఒకే వరసలో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒడియా క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా అదే మీట మీద ఉంటుంది. ఆఫీసులో ఒడియా కొట్టడం నేర్చిన వేళ్ళకు తెలుగు కొట్టడం మళ్ళీ నేర్చుకోవలసిన పని కాదు. భాష మార్చే మీట నొక్కితే చాలు. ఎనిమిది గంటలు ఉద్యోగం నేర్పిన వేగం కథకు ఉచితంగా దక్కుతుంది. తెలియక ఇంకా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునే వారు ఈ వైపు చాలామంది ఉన్నారు, వారికి ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఇంత శ్రమ ఎందుకన్నది మిగిలిన ప్రశ్న. డబ్బు కాదు, పత్రికల పారితోషికం రానూపోనూ బస్సు ఖర్చుకు సరిపోతే గొప్ప. పుస్తకం వేసుకోవడం సొంత డబ్బుతోనే, మూడు వందల ప్రతులు అచ్చువేసి అందులో సగం తెలిసినవారికి పంచడం. పేరు కోసమా అంటే ఒడియా ఇరుగుపొరుగుకు ఆ పుస్తకం చదవడం రాదు, ఆంధ్రా పాఠకుడికి ఈ ఊరు తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్త తెరెసా అమబిలె 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. సృజనాత్మక రచన చేసే 72 మందిని తీసుకుని, కొందరి చేత కాసేపు డబ్బు, మెప్పు లాంటి బయటి కారణాల గురించి, కొందరి చేత రాతలోని ఆనందం గురించి ఆలోచింపజేసి, తర్వాత అందరి చేతా చిన్న పద్యం రాయించారు. బయటి కారణాలను తలచుకున్నవారి పద్యాలు తేలిపోయాయి. అయిదు నిమిషాల తలంపు అంత తేడా తెచ్చిందంటే, ఏళ్ళ తరబడి బహుమతుల వైపే చూస్తూ రాసేవారి సంగతి ఊహించుకోవచ్చు. సరిహద్దు రచయితకు ఆ బయటి కారణాలు మొదటి నుంచీ అందుబాటులో లేవు. దీన్ని అదృష్టం అనడం తప్పు, అతనికి దక్కాల్సిన గుర్తింపు దక్కాల్సిందే. కానీ అతని రాతలో తరచూ కనిపించే ఒక నిబ్బరానికి కారణం అదే అయి ఉండవచ్చు.

ఆనందం ఒక్కటే చెబితే మాత్రం సగమే చెప్పినట్టు. ఇక్కడి రచయితలను మాట్లాడిస్తే పదే పదే వచ్చే మాట పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు చదివే పిల్లలు. తాతకు ఫోనులో కబురు పంపాలంటే తెలుగు మాటనే ఒడియా లిపిలో రాసేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఒడియా లిపికి ళ ఉంది, ఒత్తులున్నాయి, చాలా వరకు సరిపోతుంది. లేనిదల్లా ఒక చిన్న తేడా: ఎ, ఏ లకు అక్కడ ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ ఒకటే. ఆ లిపిలో నెల, నేల ఒకేలా పడతాయి. మెడకూ మేడకూ తేడా ఉండదు. తాత ఆ కబురు చదవడానికి ముందు దాన్ని పైకి పలికి చూసుకుంటాడు, రెండు విధాలా. ఏది సరో తేలాక తెలుగు అక్షరాల్లో తిరిగి రాసి మనవడికి పంపుతాడు. మరునాడు తెల్లవారుజామున మొదలుపెట్టిన కథను ఆ పిల్లవాడికి ఫోనులో చదివి వినిపిస్తాడు, నేల దగ్గర కొంచెం సాగదీసి.